ఆకుకూరల ప్రశ్న వద్దన్న లలిత

2022 చివర్లో, వానాకాలం వరి కోతలు అయిపోయి పాలకుర్తి చుట్టుపక్కల రోడ్లన్నీ ఆరబోసిన వడ్లతో నిండిన రోజుల్లో, మా బృందం ఆ మండలంలోని ఒక ఊరికి వెళ్ళింది. నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. పరిశోధకులు హైదరాబాదులో కూర్చుని ప్రశ్నలు తయారుచేస్తే, వాటిని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జవాబులు తెచ్చే పని మాది. ఆ ఏడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఒక విశ్వవిద్యాలయం తరఫున చేస్తున్న అధ్యయనం భర్తల చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్ళ గురించి. దెబ్బలు తిన్నాక వాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు, చెప్పుకున్నాక ఏమవుతుంది అన్నది తెలుసుకోవాలి.

మా పని గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఈ అధ్యయనం అసలు పేరుతో ఊళ్ళోకి వెళ్ళం. "ఆడవాళ్ళ ఆరోగ్యం, కుటుంబ జీవనం మీద సర్వే" అని చెప్పుకుంటాం. అసలు విషయం తెలిస్తే మేము వెళ్ళిపోయాక ఆ ఇంటి ఆడమనిషికి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఈ జాగ్రత్త. అసలు విషయం ఆమె ఒక్కదానికే, తలుపు వేశాక చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెడతాం. దీన్ని కన్సెంట్ అంటారు, అంటే సమ్మతి. మధ్యలో ఎవరైనా వస్తే వెంటనే మాట మార్చడానికి మా దగ్గర డమ్మీ ప్రశ్నలు ఉంటాయి. వారంలో ఎన్నిసార్లు ఆకుకూరలు తింటారు, పిల్లలకు పాలు ఇస్తున్నారా, రక్తహీనత మాత్రలు వేసుకుంటున్నారా, ఇట్లాంటివి. వచ్చినవాళ్ళు కాసేపు విని, విసుగొచ్చి వెళ్ళిపోతారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను ఆకుకూరల గురించి అడిగినన్నిసార్లు ఏ డాక్టరూ అడిగి ఉండడు.

చెప్పడానికి ఇదంతా బాగానే ఉంటుంది. చేయడానికి వెళ్తేనే తెలుస్తుంది. ప్రశ్నలు మొదట ఇంగ్లీషులో రాసి, తర్వాత ఎవరో తెలుగు చేశారు. "మీ జీవిత భాగస్వామి మీ పట్ల ఎప్పుడైనా భౌతిక హింసకు పాల్పడ్డారా?" అని ఉండేది. మహబూబాబాద్ దగ్గర ఒక పెద్దమ్మను అట్లాగే అడిగితే, "జీవిత భాగస్వామి అంటే ఎవరు బిడ్డా, బీమా కట్టించుకునే ఆయననా?" అంది. ఈ భాష మార్చమని నేను మూడు నెలలు మొత్తుకున్నాను. మారిస్తే మిగతా రాష్ట్రాల జవాబులతో పోల్చడం కుదరదన్నారు. ఊళ్ళోకి వెళ్ళగానే ఇళ్ళ పథకం వచ్చిందనుకుని ఆధార్ కార్డులు పట్టుకుని చుట్టూ చేరేవారు. లాటరీ పద్ధతిలో ఇళ్ళు ఎంచుకుంటాం అంటే, "ఆమెకే ఎందుకొచ్చింది లాటరీ, మాకెందుకు రాలే?" అని లొల్లి. ఇక ఒక ఆడమనిషిని ఒంటరిగా ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం అన్నది ఊళ్ళలో దాదాపు కుదరని పని. అత్త వస్తుంది, పక్కింటావిడ వస్తుంది, పాలు పోసేవాడు వస్తాడు.

ఇట్లాంటి పరిస్థితుల్లో లలిత ఇల్లు మాకు లాటరీలో తగిలింది. పేర్లన్నీ మార్చాను. ఇది రాస్తానని ఆమెకు ముందే చెప్పాను, రాశాక చదివి వినిపించాను.

లలితకు ముప్పై నాలుగైదేళ్ళు ఉంటాయి. భర్త శ్రీనివాస్‌కు పొలం ఉంది, పాలకుర్తిలో ఎరువుల దుకాణం ఉంది, వచ్చే ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడాలన్న ఆలోచన ఉంది. ఊళ్ళో అందరికీ సీనన్న. స్లాబ్ ఇల్లు, ముందు ఇనుప గేటు. మేము వెళ్ళేసరికి ఆయన దుకాణానికి పోయాడు, అత్త సుగుణమ్మ వడ్ల దగ్గరుంది. నాతో వచ్చిన అనిత వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్ళను మాటల్లో పెట్టింది. లలిత నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ కుట్టు మిషన్ ఉంది. ఊరివాళ్ళ జాకెట్లు కుడుతుంది.

తలుపు దగ్గరగా వేసి అసలు విషయం చెప్పాను. విని, మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

"లలితా, ఇంటున్నవా?"

"ఇంటున్న. మిషన్ నడుస్తాంటె మాటలు బయటికి పోవు. అడుగు."

నాకు ముచ్చటేసింది. మా ట్రైనింగులో ఎవరూ చెప్పని ఉపాయం. కానీ ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు. నేను అడిగే ప్రతి ప్రశ్నకూ ఎదురు ప్రశ్న వేసేది.

"నిన్ను మీ ఆయన కొడతడా?" అంది.

"ఇది నీ గురించి కదా. నా గురించి చెప్పొద్దని మాకు రూల్."

"గట్లనే ఉంటది. మేము చెప్పాలె, మీరు రాసుకోవాలె. రాసుకుని ఏం జేస్తరు?"

"మీలాంటోళ్ళకు ఎట్లాంటి సాయం కావాలో ప్రభుత్వానికి చెప్తరు."

"ఎప్పుడు చెప్తరు?"

ఈ ప్రశ్న నేను కూడా చాలాసార్లు హైదరాబాదులో అడిగినదే. తర్వాతి ప్రశ్నకు వెళ్ళాను. అట్లా కసురుకుంటూ, విసుక్కుంటూనే అన్నీ చెప్పింది. పెళ్ళయిన కొత్తలోనే మొదలైందట. ఒకసారి కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. దవాఖానలో బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పింది. నెలన్నర మిషన్ తొక్కలేకపోయింది. ఇష్టం లేనప్పుడు బలవంతం చేస్తాడా అన్న ప్రశ్న అడిగినప్పుడు మాత్రం తల ఎత్తి నన్ను చూసింది.

"గది సుత అడుగుతరా?"

"అడుగుతం. చెప్పాలనిపిస్తేనే చెప్పు."

"ఇంతవరకు ఎవ్వరడగలే." కాసేపు గుడ్డ సరిచేసుకుంది. "అవును అని రాసుకో. ఇంగేం అడగకు దాని గురించి."

రాసుకున్నాను. తర్వాతి భాగం, ఎవరికైనా చెప్పుకున్నావా అన్నది మొదలుపెట్టాను. అప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగిన చప్పుడు, వెంటనే అనిత గట్టిగా దగ్గడం వినిపించాయి. దగ్గు మా గుర్తు. నేను చేతిలోని ట్యాబ్‌లో తెర మార్చాను. తలుపు తోసుకుని శ్రీనివాస్ వచ్చాడు, వెనకాలే తలకు కొంగు చుట్టుకున్న అత్త. వడ్ల దగ్గర నుంచి ఆమెను బండి మీద ఎక్కించుకుని వచ్చినట్టున్నాడు.

"నమస్తే మేడం, ఏం సర్వే?" అన్నాడు నవ్వుతూ. మనిషి చూడటానికి మర్యాదగానే ఉన్నాడు.

"ఆరోగ్యం మీద సర్వే అండి," అని, లలిత వైపు తిరిగి, ఎన్నోసార్లు అడిగి అడిగి అరిగిపోయిన గొంతుతో అడిగాను. "వారంల ఎన్నిసార్లు ఆకుకూరలు వండుతరమ్మా?"

మిషన్ ఆగిపోయింది.

లలిత నన్ను చూసింది. ఆ చూపులో భయం కనపడితే నాకు అర్థమయ్యేది. అందులో ఉన్నది కోపం, అదీ నా మీద.

"ఇందాక గది అడగలే కదా నువ్వు. నా చెయ్యి ఎట్ల విరిగిందని అడిగినవ్. గదే అడుగు. ఆయన సుత ఇంటడు."

"ఆకుకూరలు..." అని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

"ఆకుకూరలు లేవు, ఏం లేవు. చెయ్యి ఎట్ల విరిగిందో ఆయన్నే అడుగు."

శ్రీనివాస్ నవ్వు అట్లాగే ఉంది. "బాత్‌రూంల జారింది కదనే."

"జారలే."

"ఊకో లలితా, పరాయోళ్ళ ముందర..." అత్త చెయ్యి పట్టుకోబోయింది. లలిత ఆ చెయ్యి విదిలించుకుంది. "జారలే అంటున్న."

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఇట్లాంటివి మనకు అర్థమవుతాయి అన్నట్టుగా, గొంతు తగ్గించి మాట్లాడాడు. "సంసారమన్నంక లొల్లి ఉండదా మేడం? కోపమొచ్చి చెయ్యి పట్టి మెలిపెట్టిన. విరగాల్నని మెలిపెట్టిన్నా? గది విరుగుతదని నాకేమెరుక? దవాఖానకు తీస్కపోయింది సుత నేనే. అడగుండ్రి."

అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏమన్నాడో ఆయనకు అప్పుడు అర్థమైంది. నవ్వు పోయింది. ఎవరు పంపారు, ఏ పార్టీ వాళ్ళు, ఆ చేతిలోదాంట్లో ఏముంది చూపించు అని ట్యాబ్ కోసం చెయ్యి చాపాడు. నేను దాన్ని సంచిలో పెట్టుకుని లేచాను. బయటికి వస్తూ లలితతో, "నాతోని వస్తవా? జనగామల ఉండేందుకు జాగ ఉంది" అన్నాను.

"నువ్వు పో అక్కా. నాకేం కాదు, పో," అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

గేటు దాటి ఆటో ఎక్కేదాకా ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. అనిత ఏమైందని అడుగుతుంటే నేను లలితను తిడుతున్నాను. ఇంత జాగ్రత్తగా, ఇంత రహస్యంగా, ఆమె కోసమే కదా ఇదంతా చేస్తున్నది! మొత్తం ప్రోటోకాల్‌ను, అంటే మేము తప్పనిసరిగా పాటించాల్సిన పద్ధతిని, ఒక్క మాటతో తగలబెట్టింది. ఆమె ప్రాణం మీదికి తెచ్చుకుంది, మాకు ఆ మండలంలో పని లేకుండా చేసింది. సాయంత్రానికే ఊళ్ళోవాళ్ళు ఫోన్ చేసి రేపటి నుంచి రావొద్దన్నారు.

పాలకుర్తి నుంచే, ఈ అధ్యయనం నడిపే మా ప్రొఫెసర్ మేడంకు ఫోన్ చేశాను. ఆమె శాంతంగా విన్నారు. ఆమె దేన్నయినా శాంతంగానే వింటారు, అదే నాకు మండుతుంది.

"ఎథిక్స్ కమిటీకి రిపోర్ట్ చేయాలి," అన్నారు. పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా చూసే పెద్దల కమిటీ అది. "వాళ్ళు చెప్పేదాకా మీరు ఆ ఇంటికి వెళ్ళొద్దు."

"వాళ్ళెప్పుడు చెప్తరు మేడం?"

"వచ్చే నెల మీటింగ్ ఉంది."

"వచ్చే నెల దాకా ఆమె బతికుందో లేదో ఎవరు చూస్తరు?"

అప్పుడు మేడం, ఆ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడి, మామూలుగా ఇళ్ళు తిరిగేటప్పుడు ఆ ఇంటికి కూడా వెళ్ళి చూడమని చెప్పమన్నారు. అంతకన్నా మించి ఏం చేసినా ఆమెకే ప్రమాదం అన్నారు. అది నిజమేనని నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆశా అక్క మర్నాడు ఫోన్ చేసి, "ఉన్నది మేడం, నల్ల కాడ నీళ్ళు పడుతున్నది, మంచిగనే ఉన్నది" అంటే, ఆ ఒక్క ముక్క పట్టుకుని మేము సామాను సర్దుకుని వేరే మండలానికి వెళ్ళిపోయాం.

సంక్రాంతి దాటాక, భూపాలపల్లిలో పని చేస్తుండగా, లలిత నుంచి ఫోన్ వచ్చింది. నా నంబరు ఎట్లా దొరికిందంటే, ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న కార్డు ఇచ్చి వస్తాం, అందులో సహాయం చేసేవాళ్ళ నంబర్లతో పాటు నాదీ ఉంటుంది. "జనగామకు రా. మాట్లాడాలె" అంది. బతిమాలినట్టు లేదు, పిలిచినట్టుంది.

బస్టాండు పక్కన ఒక హోటల్లో కలిశాం. ఇంట్లోంచి వెళ్ళగొట్టాడట. అన్న ఇంట్లో ఉంటోంది. గృహహింస చట్టం కింద కేసు వేసింది. నేను ఏమడగాలో ఆలోచించుకునే లోపే, "ఆ పొద్దు నేను చెప్పింది రాసుకున్నవ్ కదా. గది నాకియ్యి. వకీల్ సాబ్ అడుగుతున్నడు," అంది.

"అట్ల ఇయ్యరాదు లలితా. నువ్వు చెప్పింది ఎవ్వరికీ చెప్పనని నీకు మాటిచ్చిన. దాని మీద నీ పేరు సుత ఉండది. తీసేస్తం."

"నేను తీసెయ్యమన్ననా?"

"నువ్వు అనలే. కానీ రూల్ అట్ల ఉంది. మీ కోసమే..."

"నేను చెప్పిన మాట నాకే ఇయ్యవా? నా పేరు తీసి ఎవరికో ఇస్తవ్, నాకు మాత్రం ఇయ్యవు. గిదెక్కడి ముచ్చట?"

పక్క బల్ల దగ్గరివాళ్ళు తిరిగి చూశారు. నాకు కోపం ఆగలేదు. అన్ని వారాలుగా కడుపులో పెట్టుకున్నది బయటికి వచ్చింది. "మరి నువ్వు చేసిందేంది? వద్దు వద్దంటున్న వినకుండా ఆయన ముందటనే అన్నవ్. ఆ రాత్రి నిన్నేమన్న చేసి ఉంటే? నాకు నిద్ర పట్టలేదు తెలుసా? ముందే అట్ల చెయ్యాల్నని అనుకున్నవా?"

ఆమె చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"అనుకోలే. నువ్వు ఆకుకూరలు అనంగనే కోపమొచ్చింది."

"కోపమా? నిన్ను కాపాడదామనే కదా..."

"మా అమ్మకు చెప్తే, చిన్నగ మాట్లాడు బిడ్డా, ఎవరన్న ఇంటరు అన్నది. మా అత్తకు చెప్పేదేముంది, చూసింది. చూసి తలుపు దగ్గరేసింది. పెద్దమనుషులకు చెప్తే, ఇంట్ల ముచ్చట బజార్లకు తేకు అన్నరు. నువ్వు కొత్తదానివి, పట్నం నుంచి వచ్చినవ్, ఎవ్వరడగనిది అడిగినవ్. సరే, ఈమె మంచిగున్నది అనుకున్న. ఆయన రాంగనే నువ్వు సుత మాట మార్చినవ్. ఆయనకు కావల్సింది గదే కదా అక్కా. ఆయన రాంగనే అందరూ మాట మార్చాలె."

ఆమె చెప్పిందంతా నేను ఒప్పుకోను. ఇప్పటికీ నాకు అట్లా ఎదురుగా అనడం ప్రమాదమనే అనిపిస్తుంది. ఆ మాట వల్ల ఆమెను కొట్టి ఉంటే, చంపి ఉంటే, దానికి మందు ఏదీ లేదు. కానీ ఆమెను కాపాడే పద్ధతి ఏమిటో మేమంతా హైదరాబాదులో కూర్చుని తేల్చేశాం. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం బస్టాండులోంచే ప్రొఫెసర్ మేడంకు ఫోన్ చేశాను. లలిత జవాబులు లలితకు ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ తేల్చాలి, మళ్ళీ మీటింగ్, మళ్ళీ కాగితాలు అన్నారు. ఇదివరకటి రిపోర్టు మీదే ఇంకా ప్రశ్నలు వస్తున్నాయట. నేను పెద్దగా అరిచాను.

"ఆమె మాటలు దాచమన్నరు, సరే దాస్త. ఆయన నా ముందర నిలబడి, నేనే చెయ్యి మెలిపెట్టిన అన్నడు కదా. గది సుత దాచాల్నా మేడం? ఆయనకు సుత మాటిచ్చినమా?"

అటు వైపు ఆమె కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇవ్వలేదు," అన్నారు చివరికి. "మనం మాటిచ్చింది ఆమెకు. ఆయన మన అధ్యయనంలో లేడు. ఆయన ఏమన్నాడో మీరు విన్నారు. విన్నది చెప్పుకునే హక్కు మీది. మీరు సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంటున్నట్టు ఆమె రాసి ఇస్తే చాలు, కమిటీకి నేను చెప్పుకుంటాను. వెళ్ళి చెప్పండి."

అప్పటిదాకా మేడం మీద నాకున్న చిరాకు సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది.

ఇక కోర్టు. భూపాలపల్లి నుంచి హనుమకొండ, అక్కడి నుంచి జనగామ, పొద్దున్నే బయల్దేరి వెళ్తే వాయిదా. మళ్ళీ వెళ్తే వకీలు రాలేదు. ఇంకోసారి వెళ్తే శ్రీనివాసే రాలేదు. ఒక్కోసారి వరండాలో బెంచీ మీద లలిత, నేను గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం. ఆమె ఊరికే కూర్చోదు. నా జాకెట్టు భుజాల దగ్గర సరిగా కుట్టలేదని వంకపెట్టేది. "ఎవరు కుట్టిన్రు గిది? నాకిస్తే విప్పి మల్ల కుడత," అనేది. నాకు తలనొప్పి వచ్చేది.

చివరికి నా వంతు వచ్చింది. ఆ రోజు ఆయన అన్న మాటలు అన్నట్టే చెప్పాను. తర్వాత ఆయన తరఫు వకీలు లేచాడు.

"మీరు ఆ ఊళ్ళో ఏం సర్వే అని చెప్పారు?"

"ఆడవాళ్ళ ఆరోగ్యం అని."

"అది నిజమా?"

"పూర్తిగా కాదు."

"నా క్లయింట్ వచ్చినప్పుడు ఏమడిగారు?"

"ఆకుకూరలు వారంలో ఎన్నిసార్లు వండుతారని."

కోర్టులో ఒకరిద్దరు నవ్వారు.

"అంటే ఊరికి అబద్ధం చెప్పారు, నా క్లయింట్‌కు అబద్ధం చెప్పారు. ఇప్పుడు మాత్రం నిజం చెప్తున్నారని ఎట్లా నమ్మాలి?"

ఏళ్ళ తరబడి నేర్చుకున్న జాగ్రత్తలన్నీ, ఆమె కోసమని చేసినవన్నీ, ఒక్క నిమిషంలో నా మీదికే తిరిగాయి. లలిత వైపు చూశాను. ఆమె ముఖంలో, ఇప్పుడు కూడా మాట మారుస్తావా అన్న ప్రశ్న తప్ప ఏమీ లేదు.

"ఆ రోజు ఆకుకూరల గురించి ఎందుకు అడిగానంటే, ఆయన ఆమెను కొడతాడని అప్పటికే నాకు తెలుసు కాబట్టి. నేను వెళ్ళిపోయాక మళ్ళీ కొడతాడని భయపడ్డాను కాబట్టి. భయం లేకపోతే అబద్ధం అవసరమే ఉండేది కాదు," అన్నాను.

వకీలు అభ్యంతరం చెప్పాడు. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు జడ్జి గారు. చెప్పేసిన మాట మాత్రం చెప్పేసినట్టే ఉండిపోయింది.

ఎండాకాలం తర్వాత తీర్పు వచ్చింది. లలితను ఆ ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి వీల్లేదు, ఆమె మీద చెయ్యి వేయరాదు, దగ్గరికి రారాదు. శ్రీనివాస్ పాలకుర్తిలో దుకాణం పైన గదిలోకి మారాడు. అప్పీలు చేస్తానని తిరుగుతున్నాడు. సర్పంచ్ ఆలోచన ఉందో పోయిందో నాకు తెలియదు. లలిత తిరిగి అదే ఇంట్లో, అదే మిషన్ ముందు కూర్చుంది. అత్త సుగుణమ్మ కొడుకుతో వెళ్ళలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, మాట్లాడుకోరు, ఒకరు వండింది ఇంకొకరు తింటారు. ఇది సుఖాంతమా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. లలితనే అడిగాను ఒకసారి. "పండుకుంటె నిద్రపడుతుంది," అంది. అంతే.

కమిటీ నిర్ణయం కూడా వచ్చింది. లలిత కోరితే ఆమె జవాబుల నకలు ఆమెకు ఇవ్వవచ్చట. కోర్టులో నా సాక్ష్యం అయిపోయిన చాలా రోజులకు వచ్చింది ఆ కాగితం. చదివి ఏడవాలో నవ్వాలో తెలియక సంచిలో పెట్టుకున్నాను.

ఇంకా ఉంది. అధ్యయనం ముగిశాక లెక్కలు తీస్తున్నప్పుడు తెలిసింది, లలిత అందులో లేదు. ఇంటర్వ్యూ పూర్తి కాలేదు, పైగా చివరిదాకా ఏకాంతంలో జరగలేదు, కాబట్టి ఇన్‌కంప్లీట్ కింద తీసేశారు. పద్ధతి ప్రకారం అది సరైనదే. ఎవరికైనా చెప్పుకుంటే ఏమవుతుంది అన్నదే కదా మేము తెలుసుకోవాలనుకున్నది! చెప్పుకుంటే ఏమవుతుందో మా అందరికన్నా బాగా చూపించిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేదు. ప్రొఫెసర్ మేడం ఈ సంగతి స్వయంగా ఫోన్ చేసి చెప్పారు. ఆమె గొంతులో కూడా మొదటిసారి విసుగు వినిపించింది. నాకు కొంచెం తృప్తిగా అనిపించింది.

తర్వాతి అధ్యయనానికి ట్రైనింగ్ పెట్టినప్పుడు, మేడం నన్ను నిలబెట్టి కొత్తవాళ్ళకు ఈ సంగతి చెప్పమన్నారు. నేను చెప్పింది ఒక్కటే. తలుపు వేసి, సమ్మతి అడిగాక, మొదటి ప్రశ్నకు ముందు ఇంకో మాట అడగాలి: మధ్యలో ఎవరైనా వస్తే ఏం చేద్దాం? మాట మార్చాలా, ఆపాలా, ఇంకో రోజు రావాలా? ఆమె ఇల్లు అది, లోపల ఉన్న మనిషి సంగతి ఆమెకు తెలుసు. ఆమె చెప్పినట్టే చేయాలి. చాలామంది మాట మార్చమనే అంటారు. కొందరు ఆపేసి వెళ్ళిపొమ్మంటారు. ఎదురుగానే అడగమన్న మనిషి నాకు మళ్ళీ తగల్లేదు, తగలకూడదనే కోరుకుంటాను. కానీ అడగడం మాత్రం మానలేదు.

పోయిన నెల మహదేవపూర్ అవతల ఒక ఊళ్ళో, గోదావరి వైపు ఇంట్లో, ఒక చంటిపిల్ల తల్లిని ఆ మాట అడిగాను. "మధ్యల ఎవరన్న వస్తే ఏం జేద్దాం అమ్మా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

ఎత్తుకున్న పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. వాకిలి వైపు చూసింది, వంటింటి వైపు చూసింది. "జర ఆగక్కా," అంది. "ఆలోచించుకోనీ."

ఆగాను.